బేస్ గిటార్: వేళ్ళు తడబడటం లేదు, కానీ గ్రూవ్ రావడం లేదు. లోపం ఎక్కడ?

కొత్తతీగ:
అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా బేస్ గిటార్ సాధన చేస్తున్నాను. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటుతూ, మెట్రోనోమ్‌ను (లయ కోసం టిక్కుటిక్కుమనే యంత్రం) నిమిషానికి 100 బీట్ల మీద పెట్టి సిక్స్‌టీన్త్ నోట్లు, అంటే బీటుకు నాలుగేసి స్వరాలు, తడబడకుండా వాయించగలను. గత ఆదివారం మా చర్చి బృందంలో 80 టెంపోలో ఒక తేలికైన కీర్తన వాయిస్తుండగా, డ్రమ్స్ దగ్గరున్న అన్నయ్య మధ్యలో ఆపి, "తమ్ముడూ, స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి గానీ పాట నడవడం లేదు" అన్నారు. గ్రూవ్, అంటే వినేవారి కాలు కదిపించే ఊపు, రావడం లేదన్నమాట. అప్పటినుంచి మనసు మనసులో లేదు. టెక్నిక్ మీద ఇంకా శ్రమపడాలా, లేక ఇన్నాళ్ళ సాధనే దారి తప్పిందా?

మంద్రం:
సాధన దారి తప్పలేదు, పూర్తికాలేదు అంతే. మెట్రోనోమ్‌ను 80 మీద కాకుండా 40 మీద పెట్టి, ఆ శబ్దాన్ని రెండో బీటుగా, నాలుగో బీటుగా, అంటే స్నేర్ (చురుగ్గా మోగే డ్రమ్ము) పడే చోటుగా భావించి వాయించండి. ఒకటో బీటును మీరే నిలబెట్టాల్సి వస్తుంది కనుక, ఇంతకాలం యంత్రం ఎంత మోసిందో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఎడమచేతిని కూడా చూసుకోండి. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న బేస్ మీద మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నుంచి నాలుగో ఫ్రెట్‌కు సుమారు 5 అంగుళాల దూరం ఉంటుంది. అక్కడ ఫ్రెట్‌కొక వేలు చాచడం కన్నా, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వాద్యం) వాద్యకారుల పద్ధతిలో ఉంగరపు వేలు, చిటికెన వేలు కలిపి ఒకే వేలుగా వాడుకోవడం మంచిది. చెయ్యి బిగుసుకున్నవారికి గ్రూవ్ రాదు.

ఒంటివేలు:
మళ్ళీ వేళ్ళ లెక్కేనా? అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు ప్రాణం పోసిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు. ఆ వేలికి 'హుక్' అని పేరే పడింది. తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదు. బ్రిడ్జి (తీగలు కిందివైపు ఆనే చోటు) మూత కింద, తీగల మోత తగ్గించే స్పాంజి ముక్క ఉండేది. పుస్తకాల ప్రకారం చూస్తే అన్నీ తప్పులే, కానీ ఆ బేస్ విని కాలు కదపనివారిని నేను చూడలేదు. కొత్తతీగ గారూ, మెట్రోనోమ్‌ను ఒక నెలపాటు బీరువాలో పెట్టి పాటలతో కలిసి వాయించండి.

మంద్రం:
జేమర్సన్ పేరు ఎత్తితే వాదన ముగిసినట్టేనని కొందరి నమ్మకం. ఆయన డెట్రాయిట్‌లో హైస్కూలు చదువుతున్నప్పుడే డబుల్ బేస్ నేర్చుకున్నారు. ఆ లావుపాటి తీగలను లాగి లాగి బలపడిన వేలది. అది టెక్నిక్ లేకపోవడం కాదు, మరో వాద్యం నుంచి వచ్చిన టెక్నిక్. మన కుర్రవాడు ఒక్క వేలుతో మొదలుపెడితే మూడో పాటకే చెయ్యి పట్టేస్తుంది.

ఊరగాయజాడీ:
ఇళయరాజా గారు బేస్ భాగాన్ని కూడా స్వరలిపిలో రాసి ఇస్తారు కదా. అక్కడ గ్రూవ్ కాగితంలో ఉన్నట్టా, వేలిలో ఉన్నట్టా?

డప్పులబ్బాయి:
నేను డ్రమ్మర్ని. మీరు ఒక వేలుతో మీటారో, రెండింటితో మీటారో నా స్టూల్ మీదికి వినిపించదు. స్వరం ఎక్కడ ఆగిందో మాత్రం వినిపిస్తుంది.

ఒంటివేలు:
డప్పులబ్బాయి గారి మాట తరువాత చూద్దాం. ముందు మంద్రం గారికి జవాబు చెప్పాలి. ఒక్క వేలుతో మీటినప్పుడు సన్న తీగ నుంచి లావు తీగకు దిగేటప్పుడు వేలు జారుతూ సహజంగానే తరువాతి స్వరాన్ని మీటుతుంది, ఆ జారుడులోనే ఒక ఊపు ఉంటుంది. రెండు వేళ్ళను గడియారంలా మార్చాలన్న పట్టుదలలో పోయేది అదే. ఇది ఊహించి చెబుతున్నది కాదు. నేను రెండేళ్ళు ఫీజు కట్టి ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. రెండేళ్ళూ క్రోమాటిక్ ఎక్సర్‌సైజులే, అంటే ఫ్రెట్లన్నీ వరుసగా నొక్కుతూ వేళ్ళు నడపడమే. "వేళ్ళు సిద్ధమయ్యాక పాటలు" అనేవారు. ఆ ఏడాది క్రిస్మస్ ఆరాధనకు బేస్ వాయించేవారు లేక నన్ను పిలిస్తే, మూడే మూడు కార్డ్‌లు (స్వరాల గుంపులు) ఉన్న తేలిక పాటకు వేలు కదలక, మా అమ్మ ముందువరుసలో కూర్చుని చూస్తుండగా, వాల్యూమ్ సున్నాకు తిప్పి వాయించినట్టు నటించాను.

మంద్రం:
మీ మాస్టారి మీది కోపాన్ని రెండు వేళ్ళ పద్ధతి మీద తీర్చుకుంటున్నారు.

ఒంటివేలు:
మిమ్మల్ని మెట్రోనోమ్‌కిచ్చి పెళ్ళి చేసినట్టు మాట్లాడుతున్నారు. బృందంతో ఎన్నిసార్లు వాయించారో చెప్పండి.

మంద్రం:
పదకొండేళ్ళు వాయించాను. మొదటి ఆరేళ్ళు మీరు చెప్పినట్టే, పాటలు విని, మనసుకు తోచినట్టు. బేస్‌ను మోకాళ్ళ దాకా వేలాడదీసి, ఎడమ మణికట్టును వంచి, గట్టిగా నొక్కి వాయించేవాణ్ణి, జనం మెచ్చుకునేవారు కూడా. తరువాత మణికట్టులో స్నాయువు వాచి, ఎనిమిది నెలలు వాద్యం ముట్టుకోలేదు. సీసా మూత తిప్పడానికి మా ఆవిడను పిలవాల్సి వచ్చేది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ముందు చెయ్యి గురించి చెప్పేది అందుకే. గ్రూవ్ ఆలస్యంగా వచ్చినా పరవాలేదు, మణికట్టు పోతే మాత్రం పాట కూడా పోతుంది.

ఒంటివేలు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. చెయ్యి కాపాడుకోవద్దని నేనెప్పుడూ అనలేదు. చెయ్యి పూర్తిగా సిద్ధమయ్యేదాకా పాటను గుమ్మం బయట నిలబెట్టడమే నాకు కిట్టదు. ఎందుకంటే ఆ సిద్ధం కావడానికి ముగింపు తేదీ ఎవరూ చెప్పరు.

మంద్రం:
పాటను బయట నిలబెట్టమని నేను రాయలేదు. అయితే, మొదటి జవాబు మళ్ళీ చదువుకుంటే అందులో పాట అన్న మాటే లేదని ఒప్పుకోవాలి.

డప్పులబ్బాయి:
కొత్తతీగ గారూ, ఆ కీర్తన ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. వినకుండానే మందు రాసేస్తున్నారు ఇక్కడ.

కొత్తతీగ:
పెట్టాను. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్, హై-హ్యాట్ (జంట తాళాలు) తో పాటు 32 బార్లు (తాళం ఆవృత్తాలు) ఉన్నాయి.

డప్పులబ్బాయి:
రెండుసార్లు విన్నాను. మీ స్వరాలు మొదలయ్యే చోట లోపమేమీ లేదు, దాదాపు అన్నీ కిక్‌తోనే పడుతున్నాయి. కానీ ఒకటో బీటులో మీటిన స్వరం రెండో బీటు దాటి మోగుతూనే ఉంది. 80 టెంపోలో ఒక బీటు ముప్పావు సెకను. ఆ ముప్పావు సెకను చివర డ్రమ్మర్ స్నేర్ కొడుతుంటే, మీ మంద్రధ్వని దాని మీద దుప్పటి కప్పినట్టు పడుతోంది. స్నేర్‌కు రవ్వంత ముందు, ఎడమచేతి వేలిని ఫ్రెట్ నుంచి పూర్తిగా ఎత్తకుండా ఒత్తిడి మాత్రం వదిలేయండి, తీగ మూగబోతుంది. ఓపెన్ స్ట్రింగ్ (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటే తీగ) అయితే కుడిచేతి వేలిని తీగ మీద ఆనించండి. ఆ ఖాళీలో స్నేర్ వినిపిస్తుంది, పాట నడుస్తుంది. ఘోస్ట్ నోట్ల (స్వరం పలకకుండా 'టక్'మనే మీటుల) జోలికి తరువాత వెళ్ళవచ్చు.

మంద్రం:
అంటే ఎడమచేతి టెక్నిక్ లోపమేనన్నమాట.

ఒంటివేలు:
అంటే స్నేర్‌ను వినని లోపమన్నమాట.

కొత్తతీగ:
నిన్న రాత్రి అదే కీర్తనను స్వరాలు ఆపుతూ ఇరవైసార్లు వాయించాను. మొదటి పదిసార్లు ఆపడం మరిచిపోయాను, తరువాత మరీ ముందే ఆపేశాను. చివరి రెండుసార్లు మా చెల్లి పక్కగదిలోంచి వచ్చి, ఏమీ అనకుండా గుమ్మంలో నిలబడి విన్నది. ఆదివారం అన్నయ్యకు వినిపిస్తాను. ఒక సందేహం: స్పాంజి ముక్కను బ్రిడ్జికి ఎంత దగ్గరగా పెట్టాలి?

మంద్రం:
స్పాంజి వద్దు. చేత్తో ఆపడం ముందు రానివ్వండి.

ఒంటివేలు:
తీగలను ఆనుకునేలా, బ్రిడ్జికి అతి దగ్గరగా. గిన్నెలు తోమే స్పాంజి చాలు.