మిల్వాకీ డిబేట్ చూశారా? అరవై సెకన్లలో బాగా మాట్లాడినవాళ్ళకు ఓటు వేయొచ్చా?

ఫ్రిస్కో పద్మ | 2023 ఆగస్టు 24

నిన్న పొద్దున ఏడున్నరకు ఇంటిల్లిపాదీ టీవీ ముందు నిలబడి విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగడం చూశాం. మా అత్తయ్యగారు దణ్ణం పెట్టుకున్నారు. రాత్రి ఎనిమిదికి అదే టీవీ ముందు, మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ మొదటి డిబేట్ చూశాం. వచ్చే ఏడాది అధ్యక్ష ఎన్నికకు పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీల కోసం ఎనిమిది మంది రెండు గంటలు వాదించుకున్నారు. అది అయ్యేసరికి మా ఇంట్లో మొదలైంది.

మా ఆయనా, మా అబ్బాయీ ఇద్దరూ వివేక్ రామస్వామే గెలిచాడంటారు, ఆ వ్యాపారవేత్త. నాకు సౌత్ కరోలినా మాజీ గవర్నర్ నిక్కీ హేలీ నచ్చింది. ట్రంప్ హయాంలో దేశం అప్పు ఎనిమిది ట్రిలియన్ డాలర్లు పెరిగిందని, అందులో తమ పార్టీ తప్పూ ఉందని సొంత పార్టీ వాళ్ళ ముందే చెప్పింది. అలా చెప్పడానికి ధైర్యం కావాలి. మా అబ్బాయి మాత్రం ‘అమ్మా, ఆవిడ మాటలు ఎవరికీ గుర్తుండవు, ఇతనివి అందరూ షేర్ చేస్తున్నారు’ అన్నాడు. అది నిజమే. నన్ను బాధపెట్టిందీ అదే.

నాకు సిటిజన్‌షిప్ వచ్చాక ఇదే మొదటి ప్రైమరీ. టెక్సాస్‌లో ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు. మార్చి 5న ఓటు వేయాలి. నిమిషంలో జవాబు, గంట మోగితే ఆపేయాలి. దీన్ని చూసి మనిషిని తూచవచ్చా? మీరంతా ఏమంటారు?

బే ఏరియా కిరణ్

తూచవచ్చు పద్మగారూ, తప్పకుండా తూచవచ్చు. రామస్వామి 38 ఏళ్ళ మనిషి, ఏనాడూ ఒక్క పదవి చేయలేదు. ఏడాది కిందట ఆ పేరు ఎంతమందికి తెలుసు? నిన్న ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్ పక్కన, వేదిక మధ్యలో నిలబడ్డాడు. బక్కగా, విచిత్రమైన ఇంటిపేరుతో ఉన్న ఈ మనిషి ఇక్కడేం చేస్తున్నాడా అనుకుంటున్నారు కదా అని తనే మొదలుపెట్టాడు. మాజీ ఉపాధ్యక్షుడు పెన్స్ అనుభవం లేదన్నాడు, న్యూజెర్సీ మాజీ గవర్నర్ క్రిస్టీ చాట్‌జీపీటీలా మాట్లాడుతున్నావన్నాడు, హేలీ విదేశాంగం తెలియదంది. ముగ్గురూ మీదపడినా గొంతు వణకలేదు, నవ్వు చెదరలేదు.

ఆఫీసులో పెద్ద మీటింగ్‌లో పదిమంది ఒకేసారి తప్పు పడితే మనకు నోట మాట రాదు. దేశాన్ని నడిపేవాడికి రోజూ అలాంటి మీటింగే. ఒత్తిడిలో నిలబడటం కూడా అర్హతే కదండీ.

ఎడిసన్ రామారావు

కిరణ్ బాబూ, నిలబడటం అర్హతే, కాదనను. కానీ జవాబు చెప్పి నిలబడ్డాడా, చెప్పకుండానా అన్నది చూడాలి.

ఇరవై ఏళ్ళుగా ఈ డిబేట్లు వదలకుండా చూస్తున్నాను. 2011 నవంబరులో టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ మూడు శాఖలు రద్దు చేస్తానని చెప్పి, రెండు చెప్పాక మూడోది గుర్తురాక ‘ఊప్స్’ అన్నాడు. దాంతో ఆయన ప్రచారం కోలుకోలేదు. ఆ మూడోది ఇంధన శాఖ. 2017లో అదే శాఖకు ఆయన మంత్రి అయ్యాడు. 2016 ఫిబ్రవరిలో న్యూ హాంప్‌షైర్‌లో అప్పటి సెనేటర్ మార్కో రూబియో ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చెబుతుంటే క్రిస్టీ అక్కడికక్కడే పట్టుకున్నాడు. మూడు రోజుల తర్వాత ఓట్లలో రూబియో ఐదో స్థానానికి పడిపోయాడు. నిన్న చాట్‌జీపీటీ అన్నదీ ఆ క్రిస్టీయే.

నాకు అర్థమైంది ఇది. ఎవరు బాగా పాలిస్తారో డిబేట్‌లో తెలియదు. ఎవరు దేనికి జంకుతారో మాత్రం తెలుస్తుంది. నిన్నటిది రికార్డు చేసి ఒక్క చోట నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి చూశాను. ట్రంప్ కోర్టులో దోషిగా తేలినా, పార్టీ ఆయన్నే నిలబెడితే మద్దతిస్తారా, ఇచ్చేవాళ్ళు చేతులెత్తండి అన్నారు డిబేట్ నడిపేవాళ్ళు. రామస్వామి చెయ్యి వెంటనే లేచింది. డిశాంటిస్ ఎత్తలేదు. ముందు అటు చూశాడు, ఇటు చూశాడు, పక్కవాళ్ళ చేతులు లేచాక తనదీ లేపాడు. రెండు మూడు సెకన్ల పని. అంతకుముందు వాతావరణ మార్పు గురించి చేతులెత్తమంటే మేమేం బడిపిల్లలమా, వాదించుకుందాం అన్నదీ ఆయనే. వాదన కావాలన్న మనిషి చెయ్యెత్తే ముందు పక్కవాళ్ళను చూసుకున్నాడు. నాకు రెండు గంటల్లో పనికొచ్చింది ఆ రెండు మూడు సెకన్లే.

ఆర్కన్సా మాజీ గవర్నర్ హచిన్సన్ చెయ్యెత్తలేదు. క్రిస్టీ వేలు ఆడించి, ఇలాంటి ప్రవర్తనను మామూలు విషయంగా చూడటం ఆపాలన్నాడు. హాలంతా అరిచి గోల చేసింది. అయినా చెప్పాడు. మాటకారితనం కన్నా నాకు అది గొప్పగా కనిపించింది.

ఇర్వింగ్ హెచ్‌వన్

నేను హెచ్‌వన్ వర్క్ వీసా మీద ఉన్నాను, నాకు ఓటు లేదు. అయినా రెండు గంటలూ చూశాను. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, పన్ను కడుతున్నాను, ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. ఇమిగ్రేషన్ అనగానే ముందుకు జరిగి కూర్చున్నాను. సరిహద్దు, ఫెంటానిల్, డ్రగ్ ముఠాలు. అంతే. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న లెక్క వల్ల క్యూలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ గురించి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వేదిక మీద ఇద్దరు మన దేశం నుంచి వచ్చినవాళ్ళ పిల్లలే. నలభై ఏళ్ళ కింద మా అమ్మానాన్నలు చేతిలో డబ్బు లేకుండా వచ్చారని రామస్వామి చెప్పినప్పుడు నా గొంతు పూడుకుపోయింది. ఆ తర్వాత ఏమైనా చెబుతాడేమో అని చూశాను.

ఫ్రిస్కో పద్మ

మీ మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఆయన తొమ్మిదేళ్ళు అదే క్యూలో ఉన్నారు. ఏటా వీసా స్టాంపింగ్ అంటే ఇంట్లో టెన్షన్.

‘మనవాళ్ళు’ అన్న మాట మీద ఒకటి చెప్పాలి. ఇద్దరు మనవాళ్ళు ఎందుకిలా కొట్టుకుంటున్నారని అత్తయ్యగారు అడిగారు. రామస్వామివాళ్ళది పాలక్కాడు, హేలీవాళ్ళది పంజాబ్. ఇద్దరూ ఇక్కడే పుట్టి పెరిగారు. వాతావరణ మార్పు నిజమే, కానీ ఉద్గారాలు తగ్గించమని ముందు చైనాకు, ఇండియాకు చెప్పాలంది హేలీ. అందులో తప్పు పట్టను, ఆవిడ పోటీ పడుతున్నది అమెరికాలో. మన పోలికలున్నాయని మన పని చేసిపెడతారనుకోవడం మనం చేసే పొరపాటు. మా అబ్బాయి కళ్ళలో ఆ వెలుగు చూసి నేనూ సంతోషించాను. కానీ ఓటు వేరు.

హనుమకొండ శ్రీను

అక్కా, ఇక్కడ పొద్దున ఆరున్నరకు ఫోన్‌లో చూసిన. మీరు లోపాలు ఎంచుతున్నరు గానీ నాకు మాత్రం కడుపు మండింది. మొన్న సోమవారం మా తెలంగాణల అధికార పార్టీ బీఆర్‌ఎస్ 119 సీట్లకు 115 మంది పేర్లు ఒక్క ప్రెస్‌మీట్‌లో చదివేసింది. ఏ పార్టీ అయినా అంతే, టికెట్ పైనుంచి వస్తది. జెండా మోసినవాళ్ళను ఎవరూ అడగరు. అభ్యర్థులను ఎదురెదురుగా నిలబెట్టి, గంట కొట్టి, చెప్పవయ్యా అని అడిగే రోజు నేనింకా చూడలే. నిమిషమే అయినా జనం ముందు జవాబు చెప్పాలె కదా.

ఇంకొక్కటి. అందరికన్నా ముందున్న ట్రంప్ రాలేదు. అదే టైంకు టీవీ యాంకర్‌గా పేరున్న టక్కర్ కార్ల్‌సన్‌తో ముచ్చట పెట్టిన వీడియో వదిలిండు. రానివాడికి నష్టం లేకపోతే వచ్చినవాళ్ళకు లాభమేంది?

ఎడిసన్ రామారావు

శ్రీనూ, నీ బాధ న్యాయమైనది. నువ్వన్నది చదివాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. లేనివాడికే దాని విలువ తెలుస్తుంది.

కానీ వేదిక ఎక్కే పద్ధతి కూడా చూడు. సర్వేల్లో ఒక శాతం, నలభై వేల మంది దాతలు ఉండాలి. ఉత్తర డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఒక్క డాలర్ ఇచ్చినవాళ్ళకు ఇరవై డాలర్ల గిఫ్ట్ కార్డు పంచి ఆ లెక్క నింపుకున్నాడు. అంతకుముందు రోజే బాస్కెట్‌బాల్ ఆడుతూ మడమ వెనకాల టెండన్ తెంచుకుని, ఆ నొప్పితోనే రెండు గంటలు నిలబడ్డాడు, పాపం. నిన్న చూసినవాళ్ళు కోటీ ఇరవై ఎనిమిది లక్షలట. 2015లో ట్రంప్ ఉన్న మొదటి డిబేట్‌కు రెండు కోట్ల నలభై లక్షలు. అసలు మనిషి లేని చోట మిగతావాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

బే ఏరియా కిరణ్

బాబాయ్, మీరు చెప్పాక ఆ చేతులెత్తిన చోట మళ్ళీ చూశాను. డిశాంటిస్ విషయంలో మీరన్నది నిజం. కానీ రామస్వామి ఎవరి వైపూ చూడలేదు. అతను చెప్పింది నచ్చినా నచ్చకపోయినా అది అతని సొంత మాట. వాతావరణ అజెండా బూటకమన్నప్పుడు హాల్లో గోల చేశారు, అప్పుడూ తగ్గలేదు. ఆ మాటతో నేను ఏకీభవించను, మా ఊళ్ళో ఏటా కార్చిచ్చు పొగ పీలుస్తున్నాం. అయినా మనిషి మీద నా అభిప్రాయం మారలేదు.

ఫ్రిస్కో పద్మ | 2024 జనవరి 16

ఐదు నెలల తర్వాత ఇదే చోట రాస్తున్నాను. నిన్న అయోవా రాష్ట్రంలో పార్టీ అభ్యర్థి కోసం మొదటి ఓట్లు పడ్డాయి. ఒక్క డిబేట్‌కు కూడా రాని ట్రంప్‌కు 51 శాతం. డిశాంటిస్‌కు 21, హేలీకి 19. రామస్వామి ఎనిమిది శాతం కూడా దాటక, రాత్రే తప్పుకుని ట్రంప్‌కు మద్దతు ప్రకటించాడు. మా అబ్బాయి పొద్దున టిఫిన్ దగ్గర మాట్లాడలేదు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు.

రామస్వామి ఉన్న నాలుగు డిబేట్లూ చూశాం. మూడోదాంట్లో హేలీ కూతురు టిక్‌టాక్ వాడుతుందని రామస్వామి వేదిక మీద ఎత్తిపొడిచాడు. ఆ రోజు మా అబ్బాయే టీవీ సౌండ్ తగ్గించాడు. పిల్లల్ని లాగడం వాడికి నచ్చలేదు. వాడు అలా ఆలోచించాడంటే ఆ రెండు గంటలు వృథా కాలేదు అనుకున్నాను.

ఫిబ్రవరి 20 నుంచి మాకు ముందస్తు ఓటింగ్. అదే బ్యాలెట్ మీద అమెరికా కాంగ్రెస్ అభ్యర్థుల పేర్లూ ఉంటాయి. వాళ్ళు ఎక్కడైనా మీటింగ్ పెడితే వెళ్దామనుకుంటున్నాను. ఇర్వింగ్ తమ్ముడూ, ఆ ఏడు శాతం లెక్క గురించి వాళ్ళను ఏమని అడగాలో మీరు రాసి పంపండి. నేను చదివి వినిపించి, జవాబు వచ్చేదాకా నిలబడతాను.

ఇర్వింగ్ హెచ్‌వన్

రాత్రికి రాసి పంపుతాను అక్కా. నిమిషంలో చదివేలా రాస్తాను.