పాప ప్రశ్నకు "అట్లా అడగకూడదు" అన్నాను. మళ్లీ ఎట్లా మాట్లాడాలి?

జమ్మలమడుగు నాన్న:
పాప పదో తరగతి, బాబు ఆరు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన పెడతాం. ఒక పాట, ఒక అధ్యాయం, నా ప్రార్థన. పిల్లలు నోరు తెరిచేది ఆమెన్‌కే.

మా జేజి ఇక్కడి క్యాంబెల్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. చదువు రాదు. సాయంత్రం చెనిక్కాయలు ఒలుస్తూ యోసేపు కథ చెప్పేది. అన్నలు గుంతలో పడేసే చోట ఆపి, "నువ్వయితే ఏం చేస్తావురా?" అని అడిగేది. నాకు దేవుడంటే ఏమిటో తెలిసింది ఆ చేట దగ్గరే.

పోయిన ఏడాది మా నాయన కిడ్నీ జబ్బుతో పోయాడు. నాలుగు నెలలు ప్రార్థన చేశాం, పాప శుక్రవారాలు ఉపవాసం ఉండింది. సమాధి దగ్గర నుంచి వచ్చిన రాత్రి, "అంత అడిగినా దేవుడు అబ్బను ఎందుకు బాగుచేయలేదు?" అనింది. నాకు గొంతు పట్టేసింది. "దేవుణ్ణి అట్లా అడగకూడదమ్మా" అని లేచిపోయాను. ఆ తర్వాత పాప ఏమీ అడగలేదు. చర్చికి వస్తుంది, వాక్యాలు కంఠతా చెబుతుంది. నాకు భయమేస్తున్నది.

గుత్తి టీచరమ్మ:
నాయనా, నేను ఇరవై రెండేళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను. పాప అడిగింది సరైన ప్రశ్నే. బైబిలు నిర్గమకాండం 12లో, ఐగుప్తు దాస్యం నుంచి విడుదలైన గుర్తుగా చేసే ఈ పస్కా పండుగ ఏమిటని పిల్లలు అడిగినప్పుడు చెప్పండి అనే ఉంది. యెహోషువ 4లో యొర్దాను నది నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టిందీ పిల్లలు అడుగుతారనే. యూదుల ఇళ్లలో పస్కా రాత్రి చిన్నవాళ్లతో ప్రశ్నలు అడిగించే ఆచారం ఇప్పటికీ ఉంది. పాపతో కూర్చుని 13వ కీర్తన చదువు. ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని రెండు వచనాల్లోనే నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తుంది.

కడప తమ్ముడు:
టీచరమ్మా, మన్నించండి, మొదటే వాక్యం వద్దు. పదహారేళ్లప్పుడు నాకూ ఇదే జరిగింది. మా నాన్న బైబిలు తెరిచి కూర్చోగానే నేను లోపల తలుపు వేసుకున్నాను. ఆరేళ్లు చర్చి మెట్లెక్కలేదు. అన్నా, ముందు తప్పు నాదని చెప్పు. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, బండి మీద ఎక్కడికైనా తీసుకుపోయి చెప్పు. ద్వితీయోపదేశకాండం 6:7లో ఇంట్లో కూర్చున్నప్పుడే కాదు, దారిలో నడిచేటప్పుడు కూడా మాట్లాడమని ఉంది కదా.

జమ్మలమడుగు నాన్న:
ఆదివారం ఆరాధన అయినాక పాపను గండికోట దాకా బండి మీద తీసుకుపోయాను. "ఆ రోజు జవాబు తెలియక నీ నోరు మూయించానమ్మా. తప్పు నాది. నేనూ రోజూ అదే అడుగుతున్నాను" అన్నాను. చాలాసేపు పలకలేదు. పెన్నా లోయ దగ్గర దిగినాక, "నువ్వు కూడా అడుగుతావా నాన్నా?" అని ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం.

టీచరమ్మా, కీర్తన కూడా చదివాం, కానీ మూడు రోజులు ఆగి. నిన్న రాత్రి పాపే యోహాను సువార్త 11 తీసింది, లాజరు చనిపోయిన కథ. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదని మార్త అన్న చోట ఆపి, "యేసు ఆమెను తిట్టలేదు కదా నాన్నా" అనింది. బాబు, "ఆయన కూడా ఏడ్చాడు కదక్కా" అన్నాడు. ప్రార్థన ముగిసేసరికి పది దాటింది. అబ్బ సంగతికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఆ మాట పాపతో చెప్పాను కూడా.