బీఎంఎక్స్‌కి రిమ్ము ఎంత వెడల్పు ఉండాలి? 2.4 టైరు వేద్దామనుకుంటున్నాం

రేవుమెట్లు (పాలకొల్లు)
అందరికీ నమస్కారం అండి. మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, బీఎంఎక్స్ (20 అంగుళాల చక్రాలతో, దూకడానికీ విన్యాసాలకీ వాడే చిన్న సైకిల్) అంటే ప్రాణం. వెనక రిమ్ము వంగిపోయింది. మెకానిక్ చాలాసార్లు అవుట్ తీశాడు (స్పోకులు బిగించి వంకర సరిచేశాడు), ఇక నిలవదని చెప్పేశాడు. రెండు రిమ్ములూ కొత్తవి వేయించి, పనిలో పనిగా 2.4 అంగుళాల వెడల్పు టైర్లు కూడా వేయిద్దామని వాడి కోరిక. ఇప్పుడున్నవి 1.95. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకచోట 25 అని, ఒకచోట 32 అని, ఇంకోచోట 38 మిల్లీమీటర్లని రాశారు. ఎంత వెడల్పుంటే అంత గట్టి అని వాడి స్నేహితులు చెబుతున్నారు. వాడు తొక్కేది కాలవ గట్ల మీద, సీసీ రోడ్ల మీద. రేవు మెట్ల మీంచి దూకుతాడు. రేసులేం లేవు. వెనక బ్రేకు ఉంది, అది మాత్రం తీయనివ్వను. ఏది కొనమంటారు?

కాకినాడ స్పోకు
ముందు ఆ అంకెల సంగతి తేల్చుకోండి. అమ్మేవాళ్లలో కొందరు రిమ్ము బయటి వెడల్పు రాస్తారు, కొందరు లోపలిది రాస్తారు. ఒకే రిమ్ము ఒకచోట 32 అని, ఇంకోచోట 25 అని కనబడొచ్చు. టైరుకి కావలసింది లోపలి వెడల్పే. టైరు ఊడదీసి చూడండి, రిమ్ము అంచులు రెండూ లోపలికి కొద్దిగా వంగి కొక్కెంలా ఉంటాయి. ఈ కొక్కేనికీ ఆ కొక్కేనికీ మధ్య ఉన్న దూరమే లోపలి వెడల్పు. రెండు అంచుల మందం కలిస్తే బయటి కొలత సుమారు 5 నుంచి 8 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. మామూలు స్కేలు పెడితే సరిగ్గా తెలియదు. ఏ లేత్ షాపులోనైనా వెర్నియర్ ఉంటుంది, అడిగితే కొలిచి చెబుతారు.

రిమ్ము మీద స్టిక్కరో ముద్రో ఉంటే 406×25 లాంటి అంకె వెతకండి. 406 అంటే టైరు కూర్చునే చోట వ్యాసం, 25 అంటే లోపలి వెడల్పు. టైరు పక్కన 57-406 అని ఉంటే 57 టైరు వెడల్పు. 406 రెండింటిలోనూ ఉండాలి. 20 అంగుళాలన్న పేరుతోనే 451 కూడా దొరుకుతుంది, అది సన్నటి రేసు టైర్లది. మీ టైరు దాని మీదకి ఎక్కదు.

భీమవరం ఇరవై
గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క ఒకటి చెబుతాను. టైరు వెడల్పులో సగం, కాస్త అటూ ఇటూగా, రిమ్ము లోపలి వెడల్పు ఉంటే బాగా కూర్చుంటుంది. 2.4 అంటే 61 మిల్లీమీటర్లు, దానికి 28 నుంచి 31. 2.1 అంటే 53, దానికి 25 నుంచి 27. మీ 1.95 దాదాపు 50 వస్తుంది.

పాత రిమ్ము 20 లోపే ఉంటుందని నా అంచనా. దాని మీద 2.4 వేస్తే బెలూన్‌ని ముడి దగ్గర పట్టుకున్నట్టు ఉంటుంది. పైన లావు, కింద పట్టు లేదు. తిన్నగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. మెట్టు మీంచి దూకి కొంచెం పక్కకి దిగినప్పుడు తెలుస్తుంది, టైరు ఒక వైపుకి ఒరిగిపోతుంది. అది ఒరగకూడదని కుర్రాళ్లు గాలి రాయిలా కొట్టిస్తారు. అప్పుడు గ్రిప్ పోతుంది, ప్రతి దెబ్బా మణికట్టుకి తగులుతుంది. సరైన వెడల్పు రిమ్ము మీదైతే టైరు పక్క గోడలు నిటారుగా నిలబడతాయి, కొంచెం గాలి తగ్గించినా టైరు ఒరగదు.

ఏటిగట్టు
నేనైతే బయటి కొలత 38 ఉన్నదే తీసుకోమంటాను. మా పేటలో కుర్రాళ్లంతా అవే వాడుతున్నారు. పక్కకి వంగదు, చూడ్డానికి కూడా దిట్టంగా ఉంటుంది.

భీమవరం ఇరవై
ఏటిగట్టు గారూ, వాళ్ల టైరు 2.4 అయితే మీరు చెప్పింది సరే. కానీ 1.95 మీద ఆ రిమ్ము వేస్తే టైరు చదునుగా పరుచుకుపోతుంది, అంచులు పలకలా తేలతాయి. మలుపులో చక్రం ఉన్నట్టుండి తిరగబడినట్టు అనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, రిమ్ము అంచు టైరుతో సమానంగా బయటికొస్తుంది. మెట్టు మొన తగిలితే ముందు దెబ్బ రిమ్ముకే. సొట్ట పడితే టైరు అక్కడ సరిగ్గా కూర్చోదు, బ్రేకు కూడా ఆ సొట్ట దగ్గర పట్టీ పట్టీ వదులుతుంది.

బరువు సంగతి కూడా చూడాలి. చక్రం అంచున పెరిగిన బరువు ఫ్రేము మీద పెరిగినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. అవసరం లేని వెడల్పుకి ఆ బరువు ఎందుకు మోయాలి?

లంక సైకిల్ (రాజోలు)
అందరూ రిమ్ము గురించే మాట్లాడుతున్నారు, ఫ్రేములో చోటుందో లేదో ఎవరూ అడగలేదు. మన ప్రాంతంలో అసలు ప్రశ్న అదే. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు గట్లు గట్టిగా, నున్నగా ఉంటాయి, అప్పుడు ఏ టైరైనా తిరుగుతుంది. తొలకరి పడ్డాక అదే గట్టు మీద నల్లమట్టి టైరుకి చుట్టుకుంటుంది. ఫ్రేముకీ టైరుకీ మధ్య సందు తక్కువుంటే ఆ మట్టి అక్కడ మేట వేసి చక్రం కదలదు. చేపల చెరువుల గట్ల మీద ఇంకా కష్టం. పుల్ల పెట్టి పొడుచుకుంటూ ఇంటికి నడిచి రావాల్సిందే.

అందుకని మొదట వెనక చక్రం పక్కన రెండు గొట్టాల మధ్య సందు కొలవండి. టైరు బాగా లావుగా ఉన్నచోట కొలవాలి. ఇంకో మాట, చెయిన్ బిగించేటప్పుడు వెనక యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది కదా. ముందుకి జరిగేకొద్దీ గొట్టాలు దగ్గరవుతాయి. మీ వాడు చక్రాన్ని ఎక్కడ బిగిస్తాడో అక్కడే ఉంచి కొలవండి. ఒక్కో వైపు 4 మిల్లీమీటర్లైనా ఖాళీ లేకపోతే ఆ టైరు వద్దు. వెడల్పు రిమ్ము మీద అదే టైరు ఇంకొంచెం లావుగా పరుచుకుంటుందని కూడా మరిచిపోకండి.

రేవుమెట్లు (పాలకొల్లు)
ఇవాళ కొలిపించాను. పాత రిమ్ము లోపల 19, బయట 25. ఒకే గోడ (సింగిల్ వాల్) ఉన్న ఇనప రిమ్ము. వెనక గొట్టాల మధ్య సందు 66 వచ్చింది. ముందు ఫోర్కులో 75 ఉంది. అంటే 2.4 వెనక పట్టదంటారా?

లంక సైకిల్ (రాజోలు)
పట్టడం పడుతుందండి. కానీ 66లో 61 పోతే ఒక్కో వైపు రెండున్నర మిల్లీమీటర్లు మిగులుతుంది. చక్రం కొంచెం అవుట్ వచ్చినా టైరు గొట్టానికి రాసుకుంటుంది. ఇక బురదకి చోటెక్కడ? వెనక 2.25 చాలు, అది 57. ముందు 2.4 నిక్షేపంగా వేసుకోండి. ముందు లావు, వెనక కాస్త సన్నం పెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. దిగేటప్పుడు హ్యాండిల్ దగ్గర మెత్తగా ఉంటుంది.

కాకినాడ స్పోకు
నాదీ అదే మాట. 2.25కీ 2.4కీ రెండింటికీ కుదిరేలా లోపల 28 ఉన్న రిమ్ములు తీసుకోండి, బయట 34 దగ్గర ఉంటుంది. తప్పకుండా రెండు గోడల (డబుల్ వాల్) రిమ్మే తీసుకోవాలి. మీ పాతది వంగింది సన్నంగా ఉన్నందుకు మాత్రమే కాదు, ఒకే గోడ కావడం వల్ల కూడా. రెండు గోడలుంటే మధ్యలో పెట్టెలా ఖాళీ ఉంటుంది, పైనుంచి వచ్చిన దెబ్బకి తట్టుకునేది ఆ పెట్టే. వెడల్పు పక్క దెబ్బకి బలం ఇస్తుంది. మీ వాడు మెట్లు దూకుతాడు కాబట్టి రెండూ కావాలి.

హబ్బుకి (చక్రం మధ్యలో స్పోకులు తగిలించే భాగానికి) ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టి, అన్నే రంధ్రాలున్న రిమ్ము అడగండి. స్పోకులు పాతవే వాడదామని మెకానిక్ అంటే ఒప్పుకోవద్దు. రిమ్ము లోతు మారితే స్పోకు పొడవు మారుతుంది. పొడవు ఎక్కువైతే మొన పైకి పొడుచుకొస్తుంది, తక్కువైతే నిపుల్‌లో (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టులో) మరలు చాలినన్ని పట్టవు.

ఏటిగట్టు
బ్రేకు గురించి ఒక మాట. బయటి వెడల్పు 25 నుంచి 34కి వెళుతోంది, అంటే ఒక్కో వైపు నాలుగున్నర మిల్లీమీటర్లు. బ్రేకు చేతులు అంత వెడల్పుకి తెరుచుకుంటాయో లేదో ముందే చూడండి. కేబుల్ వదులు చేస్తే సాధారణంగా సరిపోతుంది. పక్కలు రంగేసిన రిమ్ము కాకుండా, బ్రేకు పట్టేచోట నున్నగా చెక్కిన అల్యూమినియం తీసుకోండి. ఇనప రిమ్ము తడిస్తే బ్రేకు జారిపోతుంది, మన వానల్లో అది ప్రమాదం. బ్రేకు ఉంచుతానన్నారు, చాలా మంచి పని చేస్తున్నారు.

రాజమండ్రి నాన్న
ఇది చదివి రేసు కోసం చూసేవాళ్లు కూడా 28 కొనేయకుండా చెబుతున్నా. మా అమ్మాయి ట్రాక్ మీద తొక్కుతుంది, ఆ లెక్క వేరు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లోకి బీఎంఎక్స్ వచ్చింది రేసుగానే. దూకుళ్లు, విన్యాసాల పోటీ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. రేసులో బయల్దేరే చోట గేటు పడగానే చక్రం చురుగ్గా అందుకోవాలి. 1.75 టైరుకి లోపల 22, 23 ఉన్న తేలిక రిమ్ము చాలు.

సఖినేటిపల్లి
అంతర్వేది ఇసక మీద తిప్పే అలవాటుంటే నిపుళ్లు ఇత్తడివి అడగండి. ఉప్పుగాలికి ఇనపవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అప్పుడు అవుట్ తీద్దామన్నా తిరగవు, గట్టిగా తిప్పితే స్పోకు తెగుతుంది. ఉప్పునీళ్లలో దిగితే అదే రోజు మంచినీళ్లతో కడగాలి. రెండు గోడల రిమ్ములోకి నీళ్లు పోతాయి, చక్రం తిప్పుతూ వాల్వు రంధ్రంలోంచి వంపేయాలి.

రేవుమెట్లు (పాలకొల్లు)
అందరికీ ధన్యవాదాలు. లోపల 28, రెండు గోడలు, 36 రంధ్రాలు. ముందు 2.4, వెనక 2.25. ఆర్డర్ పెట్టేశాను. ముందు టైరు 2.4 రావాలని వాడి పంతం నెగ్గింది, వెనక చక్రం గురించి ఇక మాట్లాడ్డం లేదు. ఒక్క సందేహం. మెకానిక్ రిమ్ము లోపల పాత ట్యూబు ముక్క చుడతానంటున్నాడు. పర్వాలేదా?

కాకినాడ స్పోకు
వద్దండి. పాత ఇనప రిమ్ములో పైకొచ్చిన నిపుల్ తలల మీద అది సరిపోయేది. రెండు గోడల రిమ్ములో పై గోడకి పెద్ద రంధ్రాలుంటాయి. గాలి ఎక్కించగానే ట్యూబు ఆ రంధ్రంలోకి ఉబ్బుతుంది, మెత్తటి రబ్బరు దాన్ని ఆపలేదు. గట్టి రిమ్ము టేపు కొనండి, రంధ్రాలు పూర్తిగా కప్పాలి. మరీ వెడల్పుది తెస్తే టైరు బీడింగ్ (రిమ్ములో కూర్చునే గట్టి అంచు) కిందికి పోయి టైరు సరిగ్గా కూర్చోదు. లోపల 28 ఉన్నదానికి 22 నుంచి 24 టేపు తీసుకోండి. వాల్వు రంధ్రం దగ్గర టేపు అంచులు గరుకుగా ఉన్నాయేమో వేలితో తడిమి చూశాకే ట్యూబు పెట్టమనండి.