ఢాకాలో ఓడాక మళ్ళీ కోచ్‌నే మార్చాలా? ఈ జట్టుని ఎక్కడ నుంచి కట్టాలి?

బీచ్‌రోడ్ బంతి

ఢాకాలో మన ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్‌తో ఆడిన రోజు మా ఇంట్లో మొదలైన గొడవ ఇంకా తేలలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను. మా మావయ్యది ఒకటే మాట, కోచ్‌ని పీకెయ్యాలి. పీకుతూనే ఉన్నారు కదా మావయ్యా అంటే వినడు. 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్ ఆడి ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్థాన్, సిరియా ముగ్గురి చేతిలోనూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా తిరిగొచ్చాం. ఆ జూన్‌లో కోచ్ స్టిమాచ్‌ని పంపించేశారు. మనోలో మార్కెజ్ వచ్చాడు, ఏడాది ఉండి సెలవన్నాడు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చీ రాగానే మధ్య ఆసియా వాళ్ళ కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ని పెనాల్టీల్లో కొట్టి మూడో స్థానం తెచ్చాడు, అబ్బో అనుకున్నాం. ఆ ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు. అక్టోబర్‌లో గోవాలోని మడ్గావ్‌లో సింగపూర్ మీద మనమే ముందు గోల్ కొట్టి 2-1తో ఓడాం, దాంతో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. అదేమన్నా ప్రపంచ కప్పా, ఆసియాలో 24 జట్లు ఆడే టోర్నమెంట్! ఆపైన నవంబర్ 18న బంగ్లాదేశ్ చేతిలో 1-0. వాళ్ళ చేతిలో ఓడటం 22 ఏళ్ళలో ఇదే మొదటిసారి. 2023లో ప్రపంచ ర్యాంకుల్లో వందలోపు ఉన్న జట్టు ఇది, 2025 నవంబర్‌కి 140 దాటింది.

అసలు ఒళ్ళు మండింది ఇంకో దానికి. మనం ఢాకాలో ఓడిన కొద్ది గంటలకే కురసావో అనే దీవి 2026 ప్రపంచ కప్‌కి వెళ్ళిపోయింది. జనాభా లక్షన్నర చిల్లర. మావయ్యకి చెబితే "కురుసురా? బీచ్‌లో ఉన్న సబ్‌మెరైనా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఒక్క గాజువాకలోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటాం.

సూటిగా అడుగుతున్నా. రేపు పొద్దున్న ఈ జట్టు మీ చేతికిస్తే మొదట ఏం చేస్తారు? "గ్రాస్‌రూట్స్ బాగుపడాలి" అని ఒక్క ముక్క రాసి పోవద్దు, ఆ ముక్క నా చిన్నప్పటి నుంచీ వింటున్నా.

ఉక్కునగరం 9

గురూ, లెక్కలన్నీ రాశావు కానీ అసలుది వదిలేశావు. మనకి తొమ్మిదో నంబర్, అంటే ముందు నిలబడి గోల్స్ కొట్టే స్ట్రైకర్ లేడు. సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో ఆడి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. తొమ్మిది నెలలకి, 40 ఏళ్ళ మనిషిని మళ్ళీ పిలిచారు. ఆయన మీద నాకు భక్తే, వచ్చిన మ్యాచ్‌లోనే మాల్దీవుల మీద హెడర్‌తో గోల్ కూడా కొట్టాడు, కానీ పెళ్ళికొడుకు దొరక్క తాతగారిని పీటల మీద కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం.

ఎందుకు లేడంటే, ఐఎస్‌ఎల్‌లో, అదే మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో, ఒక్కో జట్టు ఒకేసారి నలుగురు విదేశీయుల్ని దింపొచ్చు. క్లబ్‌కి గోల్స్ కావాలి కాబట్టి ఆ నలుగురిలో ఒకడు దాదాపు ఎప్పుడూ ముందే ఉంటాడు. మన కుర్రాడికి గోల్ కొట్టే గుణం ఉన్నా సరే పక్కకి జరిపి వింగ్‌లో పరిగెత్తిస్తారు. ఏడాదంతా వింగ్ నుంచి క్రాస్‌లు వేసినవాణ్ణి తీసుకొచ్చి, దేశం జెర్సీ తొడిగి, పెనాల్టీ బాక్స్‌లో డిఫెండర్‌ని వీపు మీద మోస్తూ బంతి ఆపరా అంటే వాడికెక్కడొస్తుంది? నేనైతే మొదట విదేశీయుల్ని ఇద్దరికి తగ్గిస్తాను. ఆట స్థాయి పడిపోతుందంటారు, పడనివ్వండి ఒక నాలుగేళ్ళు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. లీగ్ నడిపే హక్కుల ఒప్పందం గొడవలో, 2025 సెప్టెంబర్‌కి మొదలవ్వాల్సిన లీగే అప్పటికి మొదలవ్వలేదు. లీగ్ మ్యాచ్‌లు లేని కాళ్ళతో అక్టోబర్‌లో సింగపూర్ మీదకి వెళ్ళారు మనవాళ్ళు.

సింగపూర్‌లో సీతమ్మధార

నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, అక్టోబర్ 9న సింగపూర్‌తో ఇక్కడ జరిగిన మొదటి మ్యాచ్‌కి స్టేడియంలోనే ఉన్నాను. మన డిఫెండర్ ఝింగన్ రెడ్ కార్డ్‌తో బయటికి పోయాక దాదాపు సగం మ్యాచ్ పది మందితో ఆడి, 90వ నిమిషంలో రహీమ్ అలీ గోల్‌తో 1-1 చేశారు. గొంతు పోయింది ఆ రోజు. ఐదు రోజులకి మడ్గావ్‌లో ఆ ఆనందం కాస్తా పోయింది, అది వేరే.

బంతి తమ్ముడూ, నీ కురసావో ఉదాహరణ నీకే ఎదురు తిరుగుతుంది. ఆ జట్టులో చాలామంది పుట్టిందీ ఆట నేర్చుకున్నదీ నెదర్లాండ్స్‌లో. గాజువాకతో పోలికెక్కడిది? మడ్గావ్‌లో మన మీద రెండు గోల్స్ కొట్టిన సాంగ్ ఉయ్‌యంగ్ కొరియాలో పుట్టి సింగపూర్ పౌరసత్వం తీసుకున్నవాడు. బంగ్లాదేశ్‌కి ఆడిన హమ్జా చౌధురి ఇంగ్లండ్‌లో పుట్టి లెస్టర్ సిటీ క్లబ్‌లో ఆట నేర్చుకున్నవాడు. మన దగ్గర ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) చాలదు, భారత పాస్‌పోర్టే ఉండాలి, ఇంకో దేశం పాస్‌పోర్టు ఉంటే వదులుకోవాలి. ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలేసి వచ్చాడు, అలా ఎంతమంది వస్తారు? ఆ నిబంధన సడలిస్తే 2027 తర్వాతి ఆసియా కప్‌కి వెళ్తాం, రాసి పెట్టుకోండి.

ఉక్కునగరం 9

సడలించనివ్వు అన్నా, నాకేం అభ్యంతరం లేదు. కానీ అది పక్కింటి నుంచి పాలు అప్పు తెచ్చుకోవడం లాంటిది. మన ఇంట్లో గేదె ఎప్పుడు ఈనుతుంది అన్నది కదా ప్రశ్న.

పాత స్టాపర్

నాకు డెబ్బై దాటాయి, ఫోన్‌లో టైపు చేయడం ఆలస్యం, తప్పులుంటే సర్దుకోండి. వాల్తేరు రైల్వే గ్రౌండ్‌లో స్టాపర్ బ్యాక్‌గా, అంటే నడిమి డిఫెండర్‌గా ఆడినవాణ్ణి.

బాబూ, ఓడి లేచిన జట్టు కోసం ఊళ్ళు తిరగనక్కర్లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో కొట్టింది. మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ దెబ్బకి బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళాం, నెవిల్ డిసౌజావే మూడు గోల్స్. సెమీస్‌లో మళ్ళీ ఆ యుగోస్లావియాయే ఎదురు. మనమే ముందు గోల్ కొట్టి చివరికి 4-1తో ఓడాం. అయినా 10-1 ఎక్కడ, 4-1 ఎక్కడ! 1962లో జకార్తాలో కొరియాని 2-1తో కొట్టి ఆసియా క్రీడల బంగారం తెచ్చాం. నడుమ అంతా తిన్నగా సాగిందనుకోవద్దు, 1954 మనీలా ఆసియా క్రీడల్లో గ్రూపు కూడా దాటలేదు. మీ మావయ్యగారికి చెప్పాల్సింది ఏమిటంటే, హెల్సింకిలో పది గోల్స్ తిన్న జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే మెల్‌బోర్న్‌కీ జకార్తాకీ కూడా కోచ్. హైదరాబాద్ మనిషి. జకార్తా తర్వాత ఏడాది తిరక్కుండానే కేన్సర్‌తో పోయారు.

రహీమ్ సాబ్ గురించి అందరూ వ్యూహాలు చెబుతారు, నాకు నచ్చేది వేరు. ఆయన కుర్రాళ్ళకి చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. మా రోజుల్లో ఇక్కడ మా కోచ్ గారు కూడా అలాంటి పనే చేసేవారు. కుడి కాలి బూటు విప్పించి ఎడమ కాలికి మాత్రమే ఉంచేవారు. ఉత్త కాలితో తంతే నొప్పి కదా, వద్దన్నా ఎడమ కాలే లేచేది. రెండు నెలల్లో కాలు దారికొచ్చింది. ఇప్పుడు టీవీలో మన జట్టు కుర్రాళ్ళని చూస్తాను, ఎడమ కాలి మీదకి బంతి వస్తే కుడి కాలికి మార్చుకునేలోపు ఎదుటివాడు వచ్చి నిలబడుతున్నాడు. ఆ ఒక్క క్షణం 25 ఏళ్ళ వయసులో ఏ కోచ్ వచ్చినా నేర్పలేడు.

1965-66లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచింది, తెలుసా మీకు? ఈ మాట చెబితే నా మనవడు గూగుల్‌లో చూసి గానీ నమ్మలేదు.

డ్రిల్లు మాస్టారు, మద్దిలపాలెం

పెద్దాయనకి నమస్కారం. కాలి సంగతి నూటికి నూరు పాళ్ళు నిజం.

నేను బడిలో పీఈటీని, సాయంత్రాలు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను. అందరూ కోచ్, స్ట్రైకర్, పాస్‌పోర్టు అంటున్నారు, నేను నా నోటుబుక్ గురించి చెబుతాను. పిల్లలు ఆడిన ప్రతి మ్యాచ్ అందులో రాస్తాను. పోయిన ఏడాది మా అండర్-14 జట్టు, రిఫరీ విజిల్ ఊది పూర్తి టైము ఆడించిన మ్యాచ్‌లు ఎన్ని ఆడిందో తెలుసా? ఏడు. అన్నీ నాకౌట్లే, ఓడితే బ్యాగు సర్దుకుని ఆటో ఎక్కడమే. మొదటి మ్యాచ్‌లోనే ఓడిన బడి పిల్లలకి ఆ ఏడాదికి అదే ఆట. ఇక ఓడితే ఇంటికే అన్నప్పుడు ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? పొడుగ్గా బలంగా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళని ముందు పెట్టి, వెనక నుంచి బంతి ఎత్తి కొట్టమంటాడు. నేనూ చేశాను ఆ పాపం, ఒప్పుకుంటున్నా. చిన్నగా ఉండి తెలివిగా పాస్ ఇచ్చే కుర్రాడు బెంచీ మీదే ఉండిపోతాడు.

వయసు మోసం ఇంకో జబ్బు. ఒక టోర్నమెంట్‌లో అండర్-13 అని దిగిన జట్టులో ఒకడికి మీసాలు. సర్టిఫికెట్ అడిగితే చూపించారు, అన్నీ పక్కాగా ఉన్నాయి. మా గోలీ ఏడుపు మొహంతో "సార్, ఆ అన్న షాట్‌కి ఎదురెళ్ళాలా?" అని అడిగాడు.

2000 యూరో కప్‌లో జర్మనీ గ్రూపులో ఆఖరున ఒక్క పాయింటుతో ఇంటికి పోయింది. వాళ్ళూ కోచ్‌ని మార్చారు, కానీ అక్కడ ఆగలేదు. బుండెస్‌లీగా క్లబ్బులన్నీ యూత్ అకాడమీ నడపాల్సిందే అన్నారు, అకాడమీ అందని ఊళ్ళ పిల్లల కోసం 2002 నుంచి దేశమంతా 366 శిక్షణ కేంద్రాలు పెట్టారు. ప్రపంచ కప్ వచ్చింది 2014లో. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపే, చలికాలం బయట ఆడలేక కప్పుతో ఉన్న హాళ్ళు కట్టుకుని, పిల్లల దగ్గర కూడా లైసెన్సున్న కోచ్‌లనే పెట్టి, 2016 యూరోలో ఇంగ్లండ్‌ని ఇంటికి పంపింది. మనకి ఆ చలి లేదు, సంవత్సరం పొడుగునా ఆడొచ్చు. లేనిది ఖాళీ జాగా. ఉన్న గ్రౌండ్‌లో సగం క్రికెట్ నెట్లు, మిగతా సగంలో వాకింగ్ చేసేవాళ్ళు, బంతి తగిలితే మా మీద అరుపులు. టర్ఫ్‌లు వచ్చాయి కానీ గంటకి వెయ్యి పైమాటే, మత్స్యకారుల పిల్లలు ఎక్కడ కడతారు? నా చేతికి జట్టు ఇస్తే పెద్ద జట్టు జోలికే వెళ్ళను. ప్రతి జిల్లాలో 12 ఏళ్ళ లోపు పిల్లలకి నాకౌట్ రద్దు చేసి లీగ్ పెట్టిస్తాను, ఒక్కొక్కడు ఏడాదికి 30 మ్యాచ్‌లు ఆడాలి. ఫలితం 2040లో అడగండి.

పీఎం పాలెం ఫ్యాన్

2040 దాకా ఎవడు చూస్తాడు సార్, ఎంచక్కా క్రికెట్ చూసుకోండి. 😄

దువ్వాడ అమ్మ

పీఎం పాలెం బాబూ, క్రికెట్టే చూద్దాం పద. 2025 అక్టోబర్‌లో ప్రపంచ కప్‌లో మీ పేటలోనే మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా మీద ఓడారు, మూడు రోజులకి 330 కొట్టి కూడా ఆస్ట్రేలియా మీద ఓడారు. స్టేడియం నుంచి వస్తూ నా వెనక సీట్లో ఎవరో "వీళ్ళ వల్ల కాదు" అన్నారు. నవంబర్ 2న కప్పు ఎత్తారు.

అయినా ఇంతమంది మగాళ్ళు ఇంత రాశారు, ఒక్కరికీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు గుర్తు రాలేదా? 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని చియాంగ్ మాయ్‌లో, వాళ్ళ ఊళ్ళోనే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించారు, రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. క్వాలిఫయర్లు ఆడి గెలిచి వెళ్ళడం అదే మొదటిసారి. మన తెలుగు పిల్ల, నిజామాబాద్ సౌమ్య గుగులోత్ జాతీయ జట్టులో ఫార్వర్డ్. తొమ్మిదో నంబర్ లేడు లేడు అని ఏడుస్తున్నారు కదా.

మా అమ్మాయికి 11. మగపిల్లలతో కలిపి ఆడిస్తారా అని నాలుగు చోట్ల అడిగాను, మూడు చోట్ల వద్దన్నారు. మాస్టారూ, మీ లీగ్‌లో ఆడనిస్తారా?

డ్రిల్లు మాస్టారు, మద్దిలపాలెం

అమ్మా, 12 లోపు పిల్లలకి కలిపే పెడదాం. మా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు, ఒకమ్మాయిని చూస్తే మా బ్యాక్‌లకి టెన్షన్.

బీచ్‌రోడ్ బంతి

అందరికీ థాంక్స్. సింగపూర్ అన్నా, కురసావో విషయంలో నాదే తప్పు, ఒప్పుకున్నా. పాస్‌పోర్టు నిబంధన మారితే మంచిదే, కానీ అది మన చేతిలో లేదు. ఐఎస్‌ఎల్ కూడా మన చేతిలో లేదు. మాస్టారి నోటుబుక్కులో ఏడు అన్న అంకె మాత్రం రాత్రంతా బుర్రలో తిరిగింది. నేను అండర్-14 ఆడినప్పుడు ఎన్ని ఆడానో లెక్కేశాను. నాలుగు.

పాత స్టాపర్ గారి పోస్టు మావయ్యకి చదివి వినిపించాను. పది గోల్స్ తిన్నా కోచ్‌ని ఉంచారా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత "ఇప్పటి వాళ్ళని అయితే పీకెయ్యాల్సిందే" అన్నాడు. ఆయన మారడు.

మాస్టారితో ఫోన్‌లో మాట్లాడాను. ఈ ఆదివారం పొద్దున్న ఆరింటికి, ఎండ ఎక్కకముందే, ఆర్కే బీచ్‌లో కురుసుర పక్కన ఇసకలో మొదలుపెడదాం. 12 లోపు పిల్లలు, జట్టుకి ఏడుగురు, ఓడినవాళ్ళు కూడా అన్ని మ్యాచ్‌లూ ఆడతారు, స్కోరు రాసేది మాస్టారి నోటుబుక్కులోనే. మొదటి మ్యాచ్ ఎడమ కాలితో, ఎడమ వాటం పిల్లలైతే కుడి కాలితో. ఇసకలో బూట్లు అక్కర్లేదు కాబట్టి వాటం కాలికి ఒక రిబ్బన్ కడదాం, ఆ కాలితో తంతే ఫౌల్. దువ్వాడ అమ్మగారూ, పాపని తీసుకురండి. పాత స్టాపర్ గారూ, మీరు వస్తే కుర్చీ వేస్తాం, విజిల్ మీదే.

నాలుగో సైజు బంతులు రెండే ఉన్నాయి, ఇంకో రెండు ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి. ఐదో సైజు వద్దు, చిన్న పిల్లలకి బరువు.

పాత స్టాపర్

వస్తాను. కుర్చీ వద్దు.