అజమాయిషీ, పెత్తనం, జవాబుదారీ: పోలీసులపై ఎన్నికైనవారి అధికారానికి ఏ మాట?

పదశోధిని:

ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసు బలగాన్ని అదుపులో ఉంచే పని ప్రజలు ఎన్నుకున్న ఒక మనిషి చేతిలో పెట్టారు. 2011 నాటి పోలీసు సంస్కరణ, సామాజిక బాధ్యత చట్టంతో వచ్చిన ఈ పదవి పేరు పోలీసు, నేరాల కమిషనర్. మొదటి ఎన్నికలు 2012 నవంబరు 15న జరిగాయి. చట్టంలో రెండు వాక్యాలు పక్కపక్కనే నడుస్తాయి. బలగం దాని యూనిఫాం అధిపతి అయిన చీఫ్ కానిస్టేబుల్ ఆదేశాల కింద, అదుపు కింద ఉంటుందని ఒకటి. ఆ చీఫ్ కానిస్టేబుల్‌ను ఎన్నికైన కమిషనర్ 'జవాబుదారీగా నిలబెట్టాలి' అని రెండోది. ఈ రెండోదాన్ని తెలుగు చేసేవాళ్లు ఒకరు 'పర్యవేక్షించాలి' అంటారు, ఇంకొకరు 'అజమాయిషీ చేయాలి' అంటారు, మరొకరు 'జవాబుదారీ చేయాలి' అంటారు. 'జవాబుదారీ చేయడం' అనేది నాకు తెలుగులా వినిపించడం లేదు. అజమాయిషీ అంటే పెత్తనం అనే అర్థం వస్తుందేమోనని అనుమానం. ఏది సరి?

కచేరీ మాటలు:

అజమాయిషీకి ఆ చెడ్డపేరు తర్వాత వచ్చింది. మూలం ఫార్సీ 'ఆజ్మాయిష్': పరీక్ష, పరీక్షించి చూడటం. మనకు హిందుస్తానీ మీదుగా చేరింది. అసలు అర్థం ఇంకా చెడకుండా మిగిలింది రెవెన్యూ భాషలో. కరణం అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఏ పైరు ఎంత విస్తీర్ణం అని రాసేవాడు. పైఅధికారి కొన్ని నంబర్లు ఎంచుకుని, పొలం గట్టు మీద నిలబడి, రాతకూ నేలకూ పొంతన ఉందో లేదో చూసేవాడు. దాన్ని అజమాయిషీ అన్నారు. పైరు వేసింది రైతు, రాసింది కరణం. వచ్చినవాడు దున్నడు, నాటడు, అడంగల్ తనే రాయడు. రాత తప్పయితే ఎందుకు తప్పిందో అడుగుతాడు, అంతే. నన్నడిగితే చట్టం ఆ కమిషనర్‌కు ఇచ్చిన పని సరిగ్గా ఇదే.

పెత్తనం వేరే సరుకు. పెద్ద అనే మాట నుంచి వచ్చింది, ఇంట్లో పెద్దవాడు చెప్పినట్టు జరగాలన్న భావం అందులో ఉంది. ఫలానావాణ్ణి అరెస్టు చెయ్యి, ఫలానా కేసు వదిలెయ్యి అనడం పెత్తనం.

చట్టం చదువరి:

కచేరీ మాటలు గారు గీసిన గీతే చట్టంలోనూ ఉంది. 2011లోనే విడిగా ఒక పోలీసింగ్ ప్రోటోకాల్ ఉత్తర్వు తెచ్చి, కేసుల దర్యాప్తులో, అరెస్టుల్లో, బలగాన్ని ఎక్కడ మోహరించాలనే విషయంలో చీఫ్ కానిస్టేబుల్ స్వతంత్రాన్ని తాకవద్దని రాశారు. దీని వేరు ఇంకా వెనక ఉంది. 1968 నాటి బ్లాక్‌బర్న్ కేసులో న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్, పోలీసు అధిపతి చట్టానికి, ఒక్క చట్టానికే జవాబుదారు అన్నారు.

మరి ఎన్నికైన మనిషి చేతిలో మిగిలిందేమిటి? నాలుగు పిడులు. పోలీసు, నేరాల ప్రణాళిక రాయడం. బడ్జెట్, అందులో స్థానిక పన్నులో పోలీసు వాటా ఎంతో తేల్చడం. చీఫ్ కానిస్టేబుల్‌ను నియమించడం. అవసరమైతే సస్పెండ్ చేయడం, తప్పుకోమనడం. ప్రణాళిక విషయంలో చట్టం వాడిన మాట చూడండి: చీఫ్ కానిస్టేబుల్ దాన్ని 'దృష్టిలో పెట్టుకోవాలి'. 'పాటించాలి' అని అనువదిస్తే ఒక్క క్రియతో అజమాయిషీ కాస్తా పెత్తనం అయిపోతుంది. ఈ పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే 'ప్రణాళిక' అనగానే మన కలం దానంతటదే 'అమలు' అని రాసేస్తుంది.

పదశోధిని:

'కమిషనర్' అన్న మాట కూడా తంటానే. మన పాఠకుడికి పోలీస్ కమిషనర్ అంటే ఖాకీ వేసుకున్న ఐపీఎస్ అధికారి. అక్కడ ఆయన పోలీసే కాదు.

చట్టం చదువరి:

అక్కడా రెండు రకాలూ ఉన్నారు, అదే చిక్కు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో కమిషనర్ అంటే యూనిఫాం అధికారే. అజమాయిషీ పని మేయర్‌ది, మేయర్‌ను ప్రశ్నించేది లండన్ అసెంబ్లీ. అమెరికాకు పోతే లాస్ ఏంజిలిస్ పోలీస్ కమిషనర్లు ఐదుగురు మామూలు పౌరులు. మేయర్ నియమిస్తాడు, నగర మండలి ఆమోదిస్తుంది. ఇక అక్కడ చాలా రాష్ట్రాల్లో కౌంటీ షెరీఫ్‌నే నేరుగా ఎన్నుకుంటారు, అంటే బలగాన్ని నడిపేవాడే ఓట్లు అడిగేవాడు. కాబట్టి మొదటి ప్రస్తావనలోనే 'ఎన్నికైన పోలీసు, నేరాల కమిషనర్' అని పూర్తిగా రాసి, తర్వాత 'ఎన్నికైన కమిషనర్' అని కుదించండి. 'ఎన్నికైన' అన్న మాటను మాత్రం ఎక్కడా వదలొద్దు.

(ఈ పదవి 2028 మేతో ముగుస్తుందనీ, పని మేయర్లకు, కౌన్సిల్ నాయకులకు పోతుందనీ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. పదవి పేరు మారినా మీ క్రియాపదం గొడవ అలాగే ఉంటుంది.)

క్రియల పెట్టె:

'జవాబుదారీ చేయడం' ఎందుకు కృతకంగా ఉందంటే, జవాబుదారు అనేది మనిషికి ఉండే స్థితి. దాని పక్కన 'చేయు' పెడితే ఎవరికో పదవి కట్టబెట్టినట్టు వినిపిస్తుంది. తెలుగులో ఈ పనికి ప్రేరణార్థకం సిద్ధంగా ఉంది: 'జవాబు చెప్పించు'. 'బలగం పనితీరుపై చీఫ్ కానిస్టేబుల్ చేత జవాబు చెప్పించే బాధ్యత ఎన్నికైన కమిషనర్‌ది.' అడిగేవాడెవరు, చెప్పేవాడెవరు, దేని గురించి అన్న మూడూ వాక్యంలో దొరుకుతాయి. 'నిలదీయాలి' అనే మాట పత్రికా శీర్షికకు బాగుంటుంది కానీ చట్టానికి వేడెక్కువ.

'సంజాయిషీ'ని ఇక్కడ వాడొద్దని నా సలహా. దాన్ని పదవి నుంచి తప్పించే ప్రక్రియకు దాచుకోండి. 38వ సెక్షన్ కింద చీఫ్ కానిస్టేబుల్‌ను తప్పుకోమనాలంటే కమిషనర్ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆయనకు రాతలో బదులిచ్చే అవకాశం ఇవ్వాలి. పోలీసు బలగాలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరేట్ అభిప్రాయం తీసుకోవాలి, కమిషనర్ పనిని పరిశీలించే స్థానిక ప్యానెల్ ఆరు వారాల్లో సిఫారసు చేయాలి. ఆ సిఫారసు విన్నాక కూడా తుది మాట కమిషనర్‌దే. కారణాల కాగితం, బదులు కాగితం ఈ జంటకు సంజాయిషీ అచ్చంగా సరిపోతుంది.

చట్టం చదువరి:

తుది మాట కమిషనర్‌దే అయినా దానికీ కట్టు ఉంది. హిల్స్‌బరో (1989 నాటి ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాట) మరణాలపై విచారణల తీర్పు వచ్చాక చేసిన ఒక ప్రకటన కారణంగా సౌత్ యార్క్‌షైర్ కమిషనర్ తన చీఫ్ కానిస్టేబుల్ డేవిడ్ క్రాంప్టన్‌ను సస్పెండ్ చేసి రాజీనామా చేయమన్నారు. ఆ నిర్ణయం చట్టవిరుద్ధమని 2017లో హైకోర్టు కొట్టేసింది. అజమాయిషీ చేసేవాడు కూడా కారణం చూపాలి, ఆ కారణం కోర్టులో నిలవాలి.

పదశోధిని:

ప్యానెల్ గురించి: దానికి 'వీటో' ఉందంటున్నారు. 'నిరోధాధికారం' అనవచ్చా?

చట్టం చదువరి:

రెండు వీటోలు ఉన్నాయి, రెంటికీ బలం ఒకటి కాదు. ప్యానెల్‌లో స్థానిక కౌన్సిలర్లు కనీసం పదిమంది, బయటి సభ్యులు కనీసం ఇద్దరు ఉంటారు. వీటోకు మూడింట రెండు వంతులు కావాలి. అదీ హాజరైనవారిలో కాదు, మొత్తం సభ్యుల్లో. పన్నెండుమంది ప్యానెల్‌కు తొమ్మిదిమందే వచ్చారనుకోండి, అప్పుడూ ఎనిమిది ఓట్లు పడాల్సిందే. రానివాళ్లు కమిషనర్ పక్షాన ఓటేసినట్టే లెక్క. 'మూడింట రెండు వంతుల మెజారిటీ' అని మాత్రమే రాస్తే ఈ సంగతి జారిపోతుంది.

పన్ను వాటా సంగతి ఇలా నడుస్తుంది. ఫిబ్రవరి 1 లోపు కమిషనర్ తన ప్రతిపాదన చెప్పాలి. 8 లోపు ప్యానెల్ తేల్చాలి. వీటో చేస్తే వాటా ఎక్కువైందా తక్కువైందా చెప్పాలి. 15 లోపు కమిషనర్ సవరించాలి. ఎక్కువన్నారంటే తగ్గించాలి, తక్కువన్నారంటే పెంచాలి. ఎంత తగ్గించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. 22 లోపు ప్యానెల్ మళ్లీ చూస్తుంది, ఈసారి ఆపలేదు. మార్చి 1 లోపు కమిషనర్ బదులిచ్చి ఖరారు చేస్తాడు. అందుకే దీన్ని నిరోధాధికారం అంటే పాఠకుణ్ణి మోసం చేసినట్టే. 'ఒకసారి తిప్పి పంపే అధికారం' అనండి.

చీఫ్ కానిస్టేబుల్ నియామకంలో వీటో చేస్తే ఆ అభ్యర్థిని ఇక నియమించడానికి లేదు. అక్కడ 'నిరాకరణ' చెల్లుతుంది. అయితే కమిషనర్ ఆ తర్వాత తెచ్చే రెండో అభ్యర్థిని ప్యానెల్ ఆపలేదు, సిఫారసు మాత్రం చేయగలదు.

క్రియల పెట్టె:

ఆ నియామకానికి ముందు ప్యానెల్ అభ్యర్థిని పిలిచి బహిరంగంగా ప్రశ్నలడుగుతుంది కదా. దాన్ని 'నిర్ధారణ విచారణ' అని రాయడం చూస్తుంటాం. పోలీసుల పక్కన 'విచారణ' పడితే తెలుగు పాఠకుడికి స్టేషను, బల్ల, ఎదురుగా కూర్చున్న అనుమానితుడు గుర్తొస్తారు.

కచేరీ మాటలు:

'ముఖాముఖి' అంటే చాలదా? బహిరంగంగా జరిగేది కాబట్టి 'బహిరంగ ముఖాముఖి'.

పదశోధిని:

ఉద్యోగ ఇంటర్వ్యూ అనుకుంటారేమో. కానీ ఒక రకంగా అదీ ఇంటర్వ్యూయేగా. 'నియామక ముఖాముఖి' అని రాస్తున్నాను. మూల వాక్యానికి 'జవాబు చెప్పించే బాధ్యత', అధ్యాయం పేరుకు 'అజమాయిషీ'. కరణం, అడంగల్ ఉదాహరణను అడుగున చిన్న వివరణగా పెడతాను, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి.