డాలస్‌లో టోర్నడో సైరన్: పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలకు ఏం చెప్పాలి?

కొత్తగూడు:
డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. అమ్మ, నాన్న గుంటూరు నుంచి ఆర్నెల్లకి వచ్చారు. పగలు మేం ఆఫీసులకి వెళ్తే ఇంట్లో వాళ్లిద్దరే. నిన్న బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ మోగింది, ఎండ మాత్రం ఫెళ్లున కాస్తోంది. "కూత ఒకేలా సాగింది, అంటే ప్రమాదం తప్పిందని" అంటారు నాన్న. అది నిజమేనా? నిజంగా టోర్నడో వచ్చే రోజు వాళ్లు ఏం చెయ్యాలి? రెండంతస్తుల ఇల్లు, బేస్‌మెంట్ లేదు. ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రం.

గాలిమర:
ముందు మీ నాన్నగారి మాట సంగతి తేల్చాలి, అది ప్రమాదకరం. మన దేశంలో సివిల్ డిఫెన్స్ పద్ధతి ప్రకారం హెచ్చుతగ్గులతో ఊళపెడితే ప్రమాదం, ఒకే స్థాయిలో సాగితే గండం గడిచినట్టు. 2025 మే 7న హైదరాబాద్, విశాఖల్లో మాక్ డ్రిల్ జరిగినప్పుడు ఇదే అందరి చెవిలో పడింది. డాలస్ చుట్టుపక్కల దీనికి సరిగ్గా తలకిందులు: ఇక్కడ ఒకే స్థాయిలో దాదాపు మూడు నిమిషాలు సాగే కూతే ప్రమాద హెచ్చరిక. "అంతా క్షేమం" అని చెప్పే కూత ఇక్కడ అసలు లేదు. కొన్ని సైరన్ల గొట్టం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి శబ్దం దగ్గరైనట్టు, దూరమైనట్టు వినిపిస్తుంది. దానికి వేరే అర్థం వెతకొద్దు.

నిన్నటిది పరీక్ష. డాలస్, ప్లేనో సహా ఇక్కడి చాలా ఊళ్లలో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి మోగిస్తారు. ఆ రోజు వాతావరణం బాగా లేకపోతే పరీక్ష మానేస్తారు. కాబట్టి మబ్బు పట్టి ఉండగా మోగితే, మొదటి బుధవారమైనా సరే, నిజమనే అనుకోవాలి.

ఇంకోటి, ఈ సైరన్లు బయట ఉన్నవాళ్ల కోసం పెట్టినవి. డబుల్ పేన్ కిటికీలు మూసి, ఏసీ నడుస్తూ, టీవీలో సీరియల్ వస్తుంటే ఇంట్లోకి వినపడకపోవచ్చు. వినపడలేదంటే ముప్పు లేదని కాదు.

గోదారిగట్టు:
సైరన్ ఆగిపోతే బయటికి రావచ్చు కదా? పావుగంట చూసి వచ్చేయడమే.

గాలిమర:
రాకూడదండి. మూడు నిమిషాలయ్యాక కూత దానంతటదే ఆగుతుంది, హెచ్చరిక గడువు మాత్రం సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట ఉంటుంది. ఆ గడువు ఫోన్‌లో వచ్చే మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. అది దాటాక, మళ్లీ పొడిగించలేదని చూసుకునే బయటికి రావాలి.

162ఎంహెచ్‌జడ్:
సైరన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఎవరో రేడియో సిగ్నల్‌తో డాలస్ నగరంలోని 156 సైరన్లనూ మోగించేశారు, చినుకు కూడా లేదు. రెండో ఆధారం ఉండాలి.

ఫోన్: ఐఫోన్‌లో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, అట్టడుగున గవర్నమెంట్ అలర్ట్స్. ఆండ్రాయిడ్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ కింద వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్. చాలామంది అర్ధరాత్రి బెదిరిపోయి వీటిని ఆపేసి ఉంటారు, అమ్మానాన్నల ఫోన్లలో మీరే తెరిచి చూడండి. ఈ అలర్ట్ బొయ్యిమంటూ ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా వచ్చి, మళ్లీ అదే వరస తిరుగుతుంది.

ఇక్కడో మెలిక ఉంది. టోర్నడో వార్నింగ్‌కి ఫోన్ మోగుతుంది. ఉరుముల గాలివానకైతే గాలి గంటకు 80 మైళ్లు గానీ, వడగళ్లు 2.75 అంగుళాలు గానీ ఉంటేనే మోగుతుంది. సైరన్‌ని మాత్రం చాలా ఊళ్లు 70 మైళ్ల గాలికే మోగిస్తాయి. అంటే సైరన్ మోగుతూ ఫోన్ నిశ్శబ్దంగా ఉండే సందర్భం నిజంగానే వస్తుంది. అప్పుడు కూడా కిటికీలకు దూరంగా లోపలికి వెళ్లాల్సిందే.

ప్రకటనలు రెండు రకాలు. వాచ్ అంటే టోర్నడో రాగల కొన్ని గంటల్లో వచ్చే అవకాశం ఉందని, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుని, బూట్లు దగ్గర ఉంచుకోమని. వార్నింగ్ అంటే రాడార్‌లో సుడి కనిపించింది, లేదా కంటితో ఎవరో చూశారు. అప్పుడిక ఆలోచించే పని లేదు.

వెదర్ రేడియో (వాతావరణ హెచ్చరిక రాగానే దానంతటదే మోగే రేడియో) ఒకటి కొనండి, 30-40 డాలర్లు. డాలస్ కేంద్రం 162.400 మెగాహెర్ట్జ్, ఫోర్ట్‌వర్త్ కేంద్రం 162.550. ఛానల్ నంబర్లు రేడియోని బట్టి మారతాయి కాబట్టి ఫ్రీక్వెన్సీనే చూసుకోండి. అందరూ బోల్తాపడేది కౌంటీ (మన జిల్లా లాంటిది) సెట్టింగ్ దగ్గర. కొన్ని మోడళ్లు పెట్టెలోంచి తీసేసరికి "ఎనీ" మీద ఉంటాయి. అలా వదిలేస్తే వంద మైళ్ల అవతలి కౌంటీకి వానొచ్చినా మీ పడగ్గదిలో అరుస్తుంది, మూడోసారికి విసుగొచ్చి ప్లగ్ పీకేస్తారు. మెనూలో "సింగిల్" గానీ "మల్టిపుల్" గానీ పెట్టి మీ కౌంటీ కోడ్ ఇవ్వండి: కాలిన్ 048085, డెంటన్ 048121, డాలస్ 048113. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ రెండింట్లోనూ ఉంది, రెండూ ఇచ్చేయండి. కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీలు కూడా వేసి ఉంచాలి.

మెట్లకింద:
ఇంట్లో చోటు. కింది అంతస్తులో, కిటికీ లేని, బయటి గోడ తగలని గది. చాలా ఇళ్లలో అది మెట్ల కింద క్లాజెట్ (సామాన్ల చిన్నగది), లేదా హాఫ్ బాత్‌రూమ్ (స్నానానికి చోటు లేని టాయిలెట్). మనవాళ్లు ఆ క్లాజెట్‌నే పూజగదిగా మార్చుకుంటారు. అలా ఉంటే ముందు దీపం ఆర్పండి, పై అరలోని ఇత్తడి విగ్రహాలు, కొబ్బరికాయ కలశం ఈ రోజే కింది అరకి దించేయండి. ఇల్లు ఊగితే నెత్తిన పడేవి అవే.

గదిలో ఇప్పుడే పెట్టి ఉంచాల్సినవి: ఇద్దరికీ మూసిన బూట్లు (తర్వాత గాజుపెంకుల మీద నడవాలి), టార్చి, విజిల్, వారానికి సరిపడా మందులు, పాస్‌పోర్టుల కాపీలు, హెల్మెట్లు. సైకిల్‌దైనా క్రికెట్‌దైనా పర్లేదు, తల కాపాడుకోవడమే ముఖ్యం. ఒక బొంత కప్పుకోడానికి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే పొట్టి స్టూల్ ఒకటి. కింద కూర్చోలేనని బయటే సోఫాలో ఉండిపోతారు.

కిటికీలు తెరిస్తే ఒత్తిడి తగ్గుతుందన్న మాట వట్టిది, తెరవొద్దు. గరాజ్‌లోకి వెళ్లొద్దు, దాని తలుపు ముందు పోతుంది. మీరు ఆఫీసు నుంచి కారేసుకుని పరుగెత్తుకు రావొద్దు. 2015 డిసెంబర్ 26న గార్లండ్ టోర్నడోలో పోయిన పదిమందిలో ఎక్కువమంది కార్లలో ఉన్నవాళ్లే. ఫ్లైఓవర్ కింద ఆగడం కూడా రక్షణ కాదు, అక్కడ గాలి ఇంకా బిగిసి వస్తుంది.

ఫ్రిజ్ మీద తెలుగులో పెద్దక్షరాలతో ఒక కాగితం అంటించండి: "కూత వినపడినా, ఫోన్ అరిచినా: పొయ్యి ఆపు, బూట్లు, మెట్ల కింద గది, తలుపు మూసి ఫోన్ చెయ్యి." వచ్చే మొదటి బుధవారం పన్నెండింటికి ఆ కూతతోనే ఒకసారి చేయించి చూడండి.

కొత్తగూడు:
కాగితం ఇప్పుడే రాస్తున్నాను. మా చెల్లి వాళ్లది ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. వాళ్ల సంగతేంటి?

మెట్లకింద:
వాచ్ వచ్చినప్పుడే కింది అంతస్తు వాళ్లతో మాట్లాడి పెట్టుకోవాలి, వార్నింగ్ వచ్చాక తలుపు తట్టడం కాదు. కింద తెలిసినవాళ్లు లేకపోతే గ్రౌండ్ ఫ్లోర్ లాండ్రీ గది, లేదా భవనం లోపలి కారిడార్. చాలా కాంప్లెక్సుల్లో మెట్లు ఆరుబయటే ఉంటాయి కాబట్టి గాలి ముదిరాక దిగలేరు, ముందే దిగాలి. లిఫ్ట్ ఎక్కొద్దు. దిగే సమయం లేకపోతే సొంత ఫ్లాట్‌లోనే నడిమధ్యలో ఉన్న బాత్‌రూమ్, టబ్‌లో పడుకుని పైన పరుపు.