అప్‌డేట్: నాన్నగారి పరిహారంలో కోత పడింది, అమ్మకు పడలేదు

నాగోల్ దగ్గర నాన్నగారు ఇండికేటర్ వేయకుండా కారును కుడివైపు తిప్పినప్పుడు, వెనుక నుంచి అతివేగంగా వచ్చిన లారీ ఢీకొని అమ్మానాన్నలిద్దరికీ ఎముకలు విరిగాయనీ, తప్పు ఇరువైపులా ఉంటే పరిహారం ఎంత తగ్గుతుందనీ ఇంతకుముందు అడిగాను. ఆ కేసు ఈ నెల లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది.

లారీకి బీమా చేసిన సంస్థ ఇద్దరి పరిహారంలోనూ 40 శాతం కోత పెట్టాలని పట్టుబట్టింది. నాన్నగారి విషయంలో ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. గాయపడిన వ్యక్తి నిర్లక్ష్యం కూడా ప్రమాదానికి కారణమైతే, ఆ వాటా మేరకు ట్రిబ్యునల్ (వాహన ప్రమాదాల పరిహారం తేల్చే న్యాయస్థానం) పరిహారాన్ని తగ్గిస్తుంది. సీసీటీవీ దృశ్యాలలో లారీ వేగం స్పష్టంగా కనిపించడంతో చివరికి 25 శాతానికి ఒప్పుకున్నాం. 8 లక్షలుగా తేలిన మొత్తం 6 లక్షలైంది.

అమ్మ పక్క సీటులో కూర్చున్న ప్రయాణికురాలు మాత్రమే. ఇద్దరు డ్రైవర్ల నిర్లక్ష్యం కలిసి మూడో వ్యక్తిని గాయపరిస్తే, ఆ వ్యక్తి మొత్తం పరిహారాన్ని వారిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. మా వకీలు గారు ఆ తీర్పును చూపించాకే సంస్థ అమ్మ విషయంలో కోతను వదులుకుంది. భర్త తప్పును భార్య ఖాతాలో వేయబోయిన ఆ తీరు నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు కనుక, సంతకం చేసే ముందు నాన్నగారి కాలిలోని రాడ్డు తీయించే ఆపరేషన్ ఖర్చు కూడా లెక్కలో చేరిందో లేదో రెండుసార్లు సరిచూసుకున్నాం.